సుమ్మా చేసే పని

కన్నబిడ్డను పొగడటం పొన్నమ్మకు చేతకాదు. నోరు లేక కాదు. రాయపురంలో చేపల రేవు పక్కన పుట్టి పెరిగిన మనిషికి నోరు లేకపోవడమేమిటి, పిలిస్తే మూడు సందులవతలికి వినిపిస్తుంది. ఎదురింటి పిల్ల ముగ్గేస్తే నిలబడి మెచ్చుకుంటుంది. తను వంట చేసే మైలాపూరు ఇంట్లో అమ్మగారి కూతురు పాట పాడితే గరిటె పక్కన పెట్టి మరీ వింటుంది. సొంత కూతురు సరణ్య దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ నోటికి తాళం పడిపోతుంది.

అందుకు కారణముంది. సరణ్యకు ముందు ఒక మగబిడ్డ పుట్టాడు. బొద్దుగా, చూసినవాళ్ళు ఎత్తుకోకుండా ఉండలేనట్టు ఉండేవాడు. పొన్నమ్మకు అప్పుడు ఇరవయ్యేళ్ళు. వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ వాణ్ణి చూపించి మురిసిపోయింది. ఎనిమిదో నెలలో మూడు రోజుల జ్వరంతో వాడు పోయాడు. డాక్టరు ఏదో జబ్బు పేరు చెప్పాడు గానీ పొన్నమ్మ చెవికి అది ఎక్కలేదు. తన నోరే తన బిడ్డను పొట్టన పెట్టుకుందని తీర్మానించుకుంది. మొగుడు రామసామి ఎంత చెప్పినా ఆ తీర్మానం మారలేదు.

కాబట్టి సరణ్య పుట్టాక ఎవరైనా "పాప బాగుండాదే" అంటే చాలు, "ఏం బాగులే, పుల్లలాగుండాది, తిండే తినదు" అని కొట్టిపారేసేది. క్లాసులో ఫస్టు వచ్చిందంటే "ఆ బడిలో ఉండేదే నలుగురు" అనేది. పక్కనే నిలబడి సరణ్య ఇవన్నీ వినేది. చిన్నప్పుడు మొహం చిన్నబుచ్చుకునేది. పెద్దయ్యాక అదీ మానేసింది.

ఆ సందులో ఆడవాళ్ళు చాలామంది చేపలమ్ముకునేవాళ్ళు. తెల్లవారక ముందే తట్టలు పట్టుకుని రేవుకు పోతారు, వేలంలో చేపలు కొని, అమ్ముకుని, ఇంటికొచ్చేసరికి పది దాటుతుంది. బడి గంట ఎనిమిదిన్నరకే. మగవాళ్ళు సముద్రం మీద ఉంటారు, లేకపోతే ఒళ్ళు తెలియకుండా నిద్రపోతుంటారు. పిల్లలు లేచినప్పుడు లేస్తారు, బుద్ధి పుడితే బడికి పోతారు. సరణ్య ఏడో తరగతిలో ఉన్నప్పుడు పక్కింటి మునియక్క పిల్లలిద్దరూ వారంలో నాలుగు రోజులు ఇట్లాగే బడి ఎగ్గొడుతుంటే చూడలేక, ఒకరోజు చెయ్యి పట్టుకు లేపి తనతోపాటు తీసుకుపోయింది. మర్నాడు ఇంకో ఇంటి పిల్ల గుమ్మంలో జడ వేయించుకోవడానికి దువ్వెన పట్టుకుని నిలబడింది. అట్లా ఒక్కొక్కరే చేరి, సరణ్య పన్నెండో తరగతికి వచ్చేసరికి పదకొండు మందయ్యారు.

రోజూ ఆరింటికి ఇంటింటికీ పోయి లేపేది. మొహాలు కడిగించి, జడలేసి, గుండీలు పెట్టి, రాత్రి మిగిలిన అన్నమో ఇడ్లీయో డబ్బాల్లో సర్ది, పెద్ద రోడ్డు దాటేటప్పుడు చేతులు పట్టించి లెక్క చూసుకుని బడి గేటులోకి తోసేది. ఆ తర్వాతే తన బడికి పరుగు. సాయంత్రం మెట్ల మీద కూర్చోబెట్టి ఒక గంట చదివించేది. చేయమని ఎవరూ అడగలేదు, చేసినందుకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. మునియక్క మాత్రం ఎప్పుడైనా నాలుగు మత్తి చేపలు ఆకులో చుట్టి తెచ్చి ఇచ్చేది. ఈ ఆరేళ్ళలో ఆ సందులో బడి మానేసిన పిల్లలు లేరు.

పొన్నమ్మ ఆ సమయానికి మైలాపూరు పనికి బయల్దేరేది. సందు చివర ఒక్క నిమిషం ఆగి వెనక్కి తిరిగేది. సరణ్య ముందు, వెనక వరసగా పిల్లలు, ఆ చివర బొత్తిగా బుడతడొకడు చెప్పులు చేత్తో పట్టుకుని. చూస్తుంటే గుండె నిండిపోయేది. వెంటనే భయమేసి, తన చూపే తగులుతుందేమోనని అటు పక్కకు థూ థూ అని, తల దించుకుని బీచ్ స్టేషన్ వైపు నడిచేది.

సరణ్యకు లెక్కలంటే ప్రాణం. లెక్కల టీచరు జయంతి మిస్సుకు సరణ్య అంటే ప్రాణం. ఊరి బయట పెద్ద ప్రైవేటు కాలేజీ ఒకటుంది. అక్కడ ఏటా ఇరవై మందికి చదువూ హాస్టలూ అన్నీ ఉచితం. మార్కులొక్కటే చూడరు, బడి బయట ఏం చేశారో కూడా చూస్తారు. జయంతి మిస్సు తన ఫోనులోనే ఆ ఫారం తెరిచి సరణ్య చేతికిచ్చింది. మార్కులన్నీ చకచకా నింపిన పిల్ల, "బడి బయట నువ్వు చేసిన పనులు" అన్న చోట కాసేపు ఆలోచించి "ఏమీ లేవు" అని కొట్టింది.

మిస్సు చూసి తల పట్టుకుంది. "పొద్దున్నే పదకొండు మందిని బడికి తోలేదెవరు?" అంది తమిళంలో.

"అది పని కాదు మిస్. సుమ్మా చేస్తాను."

మద్రాసు తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఆ తమిళ మాట ఎప్పుడో కలిసిపోయింది. మన 'ఊరికే' లాంటిదే. కూలి తీసుకోకుండా చేసినా సుమ్మానే, పనీ పాటా లేక చేసినా సుమ్మానే.

"ఆ సుమ్మానే రాయి," అని మిస్సు పక్కన కూర్చుని రాయించింది.

ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. సరణ్య పోయి వచ్చిన సాయంత్రం ఆ పిల్ల మొహంలో వెలుగు చూసి పొన్నమ్మకు భయమేసింది. పదకొండు మంది పేర్లూ అడిగారట, ఎవరు ఏ క్లాసో అడిగారట, ఒకాయన పెన్ను కింద పెట్టి మరీ విన్నాడట.

"ఇంక ఒకటే ఉండాది మా," అంది సరణ్య. "నీకు ఫోన్ చేస్తారంట. నేను రాసింది నిజమా కాదా అని అడుగుతారంట. అది అయితే అంతే. ఉండేది ఉన్నట్ల చెప్పు. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

"నాకు తెలీదా పాపా. పెద్దోళ్ళతో ఎట్ల మాట్లాడాల్నో పదేండ్లుగా మైలాపూరులో చూస్తానే ఉండా," అంది పొన్నమ్మ.

ఆ సీటు రాకపోతే ఏమవుతుందో ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మెలు మోసి మోసి రామసామి భుజం పనికిరాకుండా పోయింది. వాషర్‌మెన్‌పేట్‌లో ఒక బట్టల కొట్టువాళ్ళు సరణ్యను బిల్లు కౌంటరులో పెట్టుకుంటామన్నారు. జూన్‌లో చేరమన్నారు. అందులో చేరితే చదువు సంగతి మళ్ళీ ఎత్తేదుండదు.

ఫోను వారం తర్వాత వచ్చింది. పొన్నమ్మ బీచ్ స్టేషన్లో బల్ల మీద కూర్చుని రైలు కోసం చూస్తోంది. పేరు ప్రభాకరన్ అని, కాలేజీ నుంచి అని తమిళంలో చెప్పగానే లేచి నిలబడింది. ఎదురుగా మనిషి ఉన్నట్టే కొంగు సర్దుకుంది. రైలు వచ్చింది, పోయింది. ఆమె ఎక్కలేదు.

"మీ అమ్మాయి పొద్దున పిల్లల్ని లేపి బడికి తీసుకుపోతానని రాసిందమ్మా. నిజమేనా?"

అంతా గొంతు దాకా వచ్చింది పొన్నమ్మకు. ఆరేళ్ళు, వానలో కూడా, ఒంట్లో జ్వరమున్నా, పరీక్షల రోజుల్లో కూడా. చెబుదామని నోరు తెరిచింది. బల్ల మీద ముగ్గురు ఆడవాళ్ళు తల తిప్పి ఆమెనే చూస్తున్నారు. ఫోనులో ముక్కూ మొహం తెలియని మగమనిషి. పిల్ల బతుకులో ఇంత మంచి గడియ ఇంకోటి రాలేదు, దిష్టి కొట్టిందంటే ఇప్పుడే కొట్టాలి. ఎనిమిది నెలల వాడు కళ్ళ ముందు మెదిలాడు.

"అదంతా ఏం లేదు సార్," అంది. "సుమ్మా, పిలకాయలతో ఆడుకుంటా ఉంటాది."

"రోజూ వెళ్తుందా?"

"దానికి తోచినప్పుడు పోతాది. చిన్నపిల్ల కదా సార్."

"సాయంత్రం చదువు కూడా చెబుతుందట కదా?"

పొన్నమ్మ నవ్వింది. అందరి తల్లుల్లాగే నవ్వింది. "దానికే ఇంకా సరిగ్గా రాదు సార్. అది ఇంకొకరికి ఏం చెప్తాది."

అవతల టకటకా ఏదో కొడుతున్న చప్పుడు. ఆ తర్వాత ఆయన మళ్ళీ అడిగాడు, మెల్లిగా, "ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా అమ్మా?"

"మీరే సార్ మా పిల్లను చూసుకోవాల," అంది పొన్నమ్మ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి రెండు చేతులూ జోడించి.

ఆమె లెక్కలో అది గొప్ప మాట. బిడ్డను వాళ్ళ చేతిలో పెట్టేసినట్టే. బాగానే మాట్లాడానని ఆమెకు ఎంత నమ్మకమంటే, తర్వాతి రైలులో మైలాపూరు దాకా తనలో తను నవ్వుకుంటూ పోయింది. సాయంత్రం సరణ్య ఆత్రంగా అడిగితే "అన్నీ అడిగినారు, మర్యాదగా చెప్పినా" అంది. పిల్ల ఒక్కసారి వచ్చి మెడ చుట్టూ చేతులేసి వదిలేసింది. అదే పొన్నమ్మకు ఇప్పటికీ మరపురాదు.

మైలాపూరు ఇంటి అమ్మగారు శ్రీప్రియది తరతరాల కిందట ఈ ఊళ్ళో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఆమె కూతురు జనని కూడా ఆ కాలేజీకే రాసింది, ఉచిత సీటుకు కాదు, మామూలు సీటుకు. రెండు రోజుల తర్వాత పొన్నమ్మ వంటింట్లో బీన్స్ తరుగుతుంటే హాల్లో అమ్మగారి ఫోను మోగింది. ఆమె ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడుతుంది, అది ఆమె అలవాటు. పొన్నమ్మ ఆ గొంతు గుర్తుపట్టింది.

"మీ అమ్మాయి వృద్ధాశ్రమంలో పాటలు పాడుతుందని రాసింది మేడమ్."

శ్రీప్రియ అరగంట మాట్లాడింది. జనని పోకపోతే అక్కడి ముసలివాళ్ళు అన్నం తినరంది. ఒకావిడకు మనవరాలి పేరు కూడా గుర్తులేదు గానీ జనని పేరు గుర్తుంటుందంది. పాట అంటే దానికి అలంకారం కాదు, సేవ అంది. జనని మంచిపిల్లే, కాదనలేం. కానీ ఆశ్రమానికి పోయింది రెండే రెండుసార్లు. రెండుసార్లూ వాళ్ళకు పంచడానికి సుండల్, అదే శనగ గుగ్గిళ్ళు, వండి డబ్బాల్లో పెట్టింది పొన్నమ్మే.

ఫోను పెట్టేశాక పొన్నమ్మ కత్తి పట్టుకునే గడప దగ్గరికి వచ్చింది. "ఏందమ్మా, పాప గురించి అంత చెప్పినారే. దిష్టి తగలదా?"

శ్రీప్రియ నవ్వింది. "వాళ్ళు ఫోన్ చేసేదే అందుకు పొన్నమ్మా. మనం చెప్పాల. చెప్పకపోతే లేదని రాసుకుంటారు. నీకూ వచ్చిందంటివే, బాగా చెప్పినావు కదా?"

"చెప్పినానమ్మా," అంది పొన్నమ్మ.

లోపలికి వచ్చి బీన్స్ ముందు కూర్చుంది. తను అన్న ఒక్కో మాటా ఇప్పుడు వేరేగా వినిపించింది. ఆడుకుంటా ఉంటాది. తోచినప్పుడు పోతాది. అది ఏం చెప్తాది. ఆ నంబరుకు మేడ మీదికి పోయి ఫోను చేసింది. ఎవరూ ఎత్తలేదు. ఇంటికి పోయేటప్పుడు రైలులోంచి చేసింది. మర్నాడూ చేసింది. ఇంగ్లీషులో ఏదో మరగొంతు చెప్పి ఆగిపోయేది.

నాలుగో రోజు లిస్టు వచ్చింది. ఇరవై పేర్లలో సరణ్య పేరు లేదు. జయంతి మిస్సు ఫోనులో ఏడ్చినంత పని చేసింది. సరణ్య ఏడవలేదు. "పరవాలేదు మా, నాకన్నా బాగా చేసినోళ్ళు ఉంటారు," అని అంట్లు తోమడానికి కూర్చుంది. అప్పటికీ పొన్నమ్మకు నిజం చెప్పే ధైర్యం రాలేదు. ముందు దాన్ని సరిచేసి వద్దాం, ఆ తర్వాత చెబుదాం అనుకుంది పిచ్చిది.

మర్నాడు పనికి సెలవు పెట్టి రెండు బస్సులు మారి కాలేజీకి పోయింది. గేటు దగ్గర గంట నిలబెట్టి లోపలికి పంపారు. ప్రభాకరన్ ఆమె అనుకున్నంత పెద్దాయన కాదు, ముప్పై ఉంటాయేమో. కుర్చీ చూపించాడు, నీళ్ళు తెప్పించాడు. పొన్నమ్మ కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టింది. పద్దెనిమిదేళ్ళుగా తాళం పడ్డ నోరు ఆ ఆఫీసులో తెరుచుకుంది. తన కూతురు ఎట్లాంటిదో చెప్పింది. తుఫాను నాడు మోకాలి లోతు నీళ్ళలో బుడతణ్ణి చంకనెత్తుకుని బడికి పోయి, బడి లేదని తెలిసి మళ్ళీ ఎత్తుకు రావడం చెప్పింది. ఒక పిల్లను తండ్రి కొట్టి పుస్తకాలు చించేస్తే, ఆ పిల్లకు తన పాత నోటు పుస్తకంలో మిగిలిన కాగితాలు కుట్టి ఇవ్వడం చెప్పింది. పదకొండు మందిలో ఎవరికి ఏ లెక్క రాదో సరణ్యకు నిద్రలో లేపి అడిగినా తెలుసని చెప్పింది. పక్క బల్లల దగ్గరివాళ్ళు పని ఆపి చూస్తున్నారు. ఈసారి వాళ్ళ కళ్ళను ఆమె పట్టించుకోలేదు.

ఆయన అంతా విన్నాడు. కంప్యూటరులో ఏదో తెరిచి చూసి, అటువైపు తిరిగే అన్నాడు. "ఇంటర్వ్యూలో మీ అమ్మాయికి మంచి మార్కులు వేశామమ్మా. ఇంటివాళ్ళ మాట దగ్గర 'తల్లి నిజం కాదన్నారు' అని ఉంది. నేనే రాశాను. నేను మూడుసార్లు అడిగాను మిమ్మల్ని."

"దిష్టి సార్," అంది పొన్నమ్మ. "కన్నబిడ్డను కన్నతల్లి ఎట్ల పొగుడుకునేది?"

ప్రభాకరన్ ఇటు తిరిగాడు. "మా అమ్మ కూడా అంతే," అన్నాడు. "ఆ రోజు నాకు ఆ ఆలోచన రాలేదు."

"అయితే ఇప్పుడు రాసుకోండి సార్. నేను ఈడనే చెప్పినా గదా."

"ఇరవై మందికీ సీట్లు ఇచ్చేశామమ్మా. లిస్టు చూశాక వచ్చి చెప్పేవాళ్ళు ఏటా ఉంటారు. నేను నమ్మినా మిగతావాళ్ళు నమ్మరు." వచ్చే ఏడు చూడమని అడిగితే, పన్నెండో తరగతి అయిన ఏడాదే తీసుకుంటామన్నాడు. గేటు దాకా తనే వచ్చి దిగబెట్టాడు. అంత మర్యాద చేసే మనిషిని తిట్టుకోవడానికి కూడా పొన్నమ్మకు మనసు రాలేదు.

ఆమె సందులోకి వచ్చేసరికి సాయంత్రమైంది. పిల్లలు అప్పుడే పుస్తకాలు మూసి లేస్తున్నారు. వాళ్ళు పోయేదాకా ఆగి, సరణ్య పక్కన మెట్టు మీద కూర్చుని మొత్తం చెప్పేసింది. స్టేషన్లో ఫోను, తను అన్న మాటలు, శ్రీప్రియ ఫోను, ఈరోజు కాలేజీకి పోవడం, ఏదీ దాచలేదు. పిల్ల అరిచినా, కొట్టినా పడదామనే కూర్చుంది.

సరణ్య అరవలేదు. ఒక్కటే అడిగింది. "నువ్వు అట్లనే అనుకుంటివా మా? నేను ఆడుకుంటా ఉండాననే?"

"అయ్యో లేదు పాపా. రోజూ సందు కొసలో నిలబడి నిన్నే చూసి పోతా ఉంటి. భయపడి అట్ల అంటినే గానీ."

"నాకెట్ల తెలుస్తాది మా," అంది సరణ్య. గొంతులో కోపం లేదు. "నేను కూడా అట్లనే అనుకుంటిని. ఫారంలో ముందర ఏమీ లేవని నేనే రాస్తిని. మిస్సు చెప్పేదాకా అది ఒక పనని నాకే తెలీదు. నువ్వు ఒక్క దినమన్నా చెప్పింటే కదా."

ఆఫీసులో ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు గంగలా పారిన మాటలు, వినాల్సిన మనిషి జానెడు దూరంలో ఉంటే గొంతులోనే నిలిచిపోయాయి. అయినా పొన్నమ్మ మొదలుపెట్టింది. నువ్వు మంచిదానివి పాపా, అంది. ఈ సందులో ఎవురూ చెయ్యని పని చేసినావు, అంది. తుఫాను నాటి సంగతి ఎత్తుకుంది. నోటు పుస్తకం సంగతి చెప్పింది. ఒక్కో మాటా పెళ్ళగించి తీసినట్టు వచ్చింది.

సరణ్య మోకాళ్ళ మీద తల పెట్టుకుని విన్నది. భుజాలు కదలడం మొదలైంది. లిస్టు చూసిన రోజు ఏడవని పిల్ల ఇప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది.

"సాలు మా," అంది తల ఎత్తకుండానే. "ఇంక చెప్పొద్దు."

పొన్నమ్మ ఆగిపోయింది. చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది.